ఉండడం నుంచి అవడం దాకా: ఒక డేనిష్ క్రియ పుట్టుపూర్వోత్తరాలు

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మృతిలో చేసిన ఉపన్యాసం పాఠం)



ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారిని తలచుకుంటూ మాట్లాడేవాళ్లు సాధారణంగా ద్రావిడ భాషల గురించే మాట్లాడతారు. నేను డెన్మార్క్ దాకా వెళ్లదలచుకున్నాను. అందుకు కారణం కూడా ఆయన పుస్తకమే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’ పేరుతో అచ్చయింది. తెలుగు ధాతువులకు తమిళ కన్నడాల్లో, గోండి, కుయి, కువి భాషల్లో తోబుట్టువులు ఏవో వెతికి, ఏ ధ్వని ఏ నియమాన్ని అనుసరించి మారిందో తేల్చిన గ్రంథం అది. తమిళంలో ‘ఉరల్’ అన్నది మనకు ‘రోలు’ ఎందుకయింది, అక్కడి ‘ఉళ్’ మన ‘లో’ ఎందుకయింది అన్న ప్రశ్నలకు ఆయన ఇచ్చిన జవాబులో ఊహకు చోటు లేదు, నియమానికే చోటు. ఆ పద్ధతి ఎంత బలమైనదో మరో భాషాకుటుంబంలోని ఒకే ఒక్క క్రియను తీసుకుని చూపడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఆ క్రియ ‘బ్లీవె’. డేనిష్ మాటలను వాళ్ల రాతను బట్టి తెలుగులో పలుకుతున్నాను. వాళ్ల నోట అవి ఇంకా మెత్తబడతాయి. ‘బ్లీవె’ మాటల్లో ‘బ్లీ’ అయిపోతుంది, ‘బ్లీవర్’ అనే వర్తమాన రూపం ‘బ్లీర్’ అవుతుంది. అంతగా అరిగిందంటే అది రోజంతా నోట్లో నలిగే మాట అన్నమాట. పిల్లవాడు పెద్దయ్యాక డాక్టర్ అవుతానన్నా, సాయంత్రానికి వాన వచ్చేలా అవుతోందన్నా, మనిషికి జబ్బు చేసిందన్నా ఈ క్రియే వస్తుంది. మన ‘కొట్టబడ్డాడు’లో ‘పడు’ చేసే పనిని కూడా డేనిష్‌లో ఇదే చేస్తుంది. వీటన్నిటితో పాటు ‘ఇంట్లోనే ఉండిపో’ అనడానికీ ఇదే క్రియ. ఒకే మాటకు ఉండిపోవడం, మారిపోవడం అనే రెండు అర్థాలు. ఒకటి మార్పు లేకపోవడం, మరొకటి మార్పు. ఈ రెండూ ఒకే గూటికి ఎలా చేరాయన్నది మొదటి ప్రశ్న. ఈ మాట అసలు డేనిష్‌ది కాకపోవడం అంతకన్నా పెద్ద ప్రశ్న.

అవును, అది అరువు మాట. సరుకుల పేర్లు, వృత్తుల పేర్లు, దేవుళ్ల పేర్లు ఒక భాష నుంచి ఇంకో భాషకు వెళ్లడం మనకు తెలిసిందే. ‘అవు’ అనే క్రియను ఎవరైనా అరువు తెచ్చుకుంటారా? తెలుగులో అది జరిగినట్టు ఊహించడం కూడా కష్టం. అవుతాడు, అయింది, కాదు, కావాలి, కాబట్టి, అయినా, అయితే: ఈ ధాతువును పీకేస్తే తెలుగు వాక్యం నిలబడదు. తమిళంలో, కన్నడంలో, గోండిలో ఉన్న ‘ఆ’, ‘ఆగు’లకు ఇది సొంత తోబుట్టువు. మూలద్రావిడం నాటి ఆస్తి. అలాంటి ఆస్తి డేనిష్‌కూ ఒకటి ఉండేది. దాని పేరు ‘వోర్దె’.

1241లో రెండవ వాల్దెమార్ రాజు జారీ చేసిన జట్లండ్ ధర్మశాస్త్రం పాత డేనిష్ గద్యానికి గొప్ప ఆకరం. పొలం గట్లు, వారసత్వం, హత్యకు కట్టవలసిన పరిహారం లాంటి విషయాలను రైతు భాషలో చెప్పిన గ్రంథం. అందులో ‘అవడం’ అన్న పని చేసేది ‘వోర్దె’ పాత రూపమే. ఐస్లాండ్‌లో నేటికీ ‘వెర్ధా’ అంటారు. జర్మన్‌లో ‘వెర్దెన్’, డచ్‌లో ‘వోర్దెన్’ అంటారు. ప్రాచీన ఇంగ్లీషులో ‘వెయోర్థన్’ ఉండేది. అంటే జర్మానిక్ కుటుంబమంతా వాడుకున్న సొంత క్రియ ఇది. ఆ తరువాత రెండు మూడు శతాబ్దాల్లో డెన్మార్క్‌లో దాని చోటు ‘బ్లీవె’ ఆక్రమించింది. స్వీడన్‌లోనూ అంతే. నార్వేలో ఒక రాతభాష ‘బ్లీ’ని తీసుకుంటే, పల్లె మాండలికాల మీద కట్టిన నీనోర్స్క్ పాత ‘వెర్తా’ను కూడా నిలుపుకుంది.

ఈ మార్పుకు కారణం వ్యాకరణంలో కాదు, ఓడరేవుల్లో వెతకాలి. 12వ శతాబ్దంలో బాల్టిక్ ఒడ్డున లూబెక్ పట్టణం వెలిసింది. దాని చుట్టూ హన్సా అనే వర్తక నగరాల కూటమి పెరిగింది. అప్పట్లో డెన్మార్క్ పాలనలో ఉన్న స్కోనె తీరంలో, స్కానోర్, ఫాల్‌స్టర్‌బో రేవుల్లో ఏటా హెర్రింగ్ చేపల సంత జరిగేది. చేప డెన్మార్క్‌ది. దాన్ని నిలవ ఉంచే ఉప్పు లూనెబర్గ్ ఉప్పునీటి ఊటల నుంచి లూబెక్ వర్తకుల ఓడల్లో వచ్చేది. ఉప్పు ఎవరిదో బేరం వాళ్లది. 1370లో స్ట్రాల్సుండ్ ఒప్పందం దగ్గర డెన్మార్క్ ఎంత వంగిందంటే, స్కోనె తీరపు కోటలను, అక్కడి ఆదాయంలో మూడింట రెండు వంతులను హన్సా నగరాలకు 15 ఏళ్లపాటు వదులుకోవలసి వచ్చింది. దక్షిణాన హోల్‌స్టైన్ ప్రభువుల పెత్తనం వేరే ఉంది. 1332 నుంచి 1340 దాకా డెన్మార్క్‌కు రాజే లేడు, దేశం వాళ్లకు తాకట్టులో ఉంది.

ఈ వర్తకులు, ప్రభువులు, వాళ్ల వెంట పట్టణాలకు వచ్చి స్థిరపడ్డ పనివాళ్లు మాట్లాడింది మధ్యకాలపు లో జర్మన్. ఇది నేటి పుస్తకాల జర్మన్ కాదు, ఉత్తర జర్మనీ పల్లపు నేలల భాష. డేనిష్‌కు దాయాది. ఒకరు తమ భాషలో మాట్లాడితే ఇంకొకరు తమ భాషలో బదులిచ్చేంత దగ్గరితనం ఉండేది. సంతలో, కార్ఖానాలో, రాతకోతల దగ్గర ఈ సగం సగం అవగాహనే వందల ఏళ్లు నడిచింది. పెళ్లిళ్లూ జరిగాయి. అలా వచ్చిన మాటల్లో చెప్పులు కుట్టేవాడు, దర్జీ, నగర సభ, పౌరుడు, చెల్లించడం, పనిచేయడం ఉన్నాయి. అవి వర్తకం వెంట వచ్చే మాటలే కనుక వింత లేదు. ‘కానీ’ అనే చిన్న మాట ‘మెన్’ కూడా అక్కడిదే. భాషకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘స్ప్రోగ్’ అరువు, పాత పేరు ‘మోల్’ ఇప్పుడు ‘మాతృభాష’ లాంటి కొన్ని సమాసాల్లో బతుకుతోంది. వీటన్నిటి నడుమ ‘బ్లీవె’ దిగింది.

దిగిన తీరు చూడండి. తెలుగు బయటి క్రియను నేరుగా ఇంట్లోకి రానివ్వదు. సంస్కృతం నుంచి వస్తే ‘ఇంచు’ తగిలించి భావించు, వర్ణించు అంటాం. ఉర్దూ నుంచి వస్తే దబాయించు, ఫర్మాయించు అంటాం. ఇంగ్లీషు నుంచి వస్తే ‘చేయు’, ‘అవు’ తోడిచ్చి ఫోన్ చేశాను, సెలెక్ట్ అయ్యాను అంటాం. కాలమూ పురుషా చెప్పే పని మన ప్రత్యయాలదే. డేనిష్‌లో ఆ గుమ్మమే లేకపోయింది. డేనిష్‌లో ఒక జాతి క్రియలకు భూతకాలంలో లోపలి అచ్చు మారుతుంది: ‘గ్రీబె’ పట్టుకోవడం, ‘గ్రేబ్’ పట్టుకున్నాడు, ‘రీదె’ స్వారీ చేయడం, ‘రేద్’ స్వారీ చేశాడు. లో జర్మన్ క్రియ కూడా అదే జాతిది, అదే ఈ నుంచి ఏ. అందుకే ‘బ్లీవె’, ‘బ్లేవ్’ అని మొదటి రోజు నుంచే సొంత బిడ్డలా రూపాలు తిప్పుకుంది. మూలజర్మానిక్‌లో విడిపోయిన దాయాదులు మళ్లీ ఒక ఇంటికి చేరారు కనుక అతుకు కనబడలేదు.

ఇక అర్థం సంగతి. లో జర్మన్‌లో ‘బ్లీవెన్’ ముఖ్యార్థం ఉండిపోవడమే. నేటి జర్మన్ ‘బ్లైబెన్’కు ఆ ఒక్క అర్థమే ఉంది. అది ‘అవడం’గా ఎలా జరిగిందో తెలుగువాళ్లకు చెప్పడం తేలిక. ‘పిల్లలంతా తలో దిక్కుకు పోయాక ఆయన ఒంటరిగా మిగిలాడు’ అంటాం. ఆయన మిగిలాడా, ఒంటరివాడయ్యాడా? రెండూను. ఒక స్థితిలో ఉండిపోవడాన్ని చెప్పే వాక్యంలోనే ఆ స్థితిలోకి చేరడం కూడా ఇమిడి ఉంది. లో జర్మన్‌లో యుద్ధంలో చచ్చిపోవడాన్ని కూడా ఈ క్రియతోనే చెప్పేవారు, రణభూమిలో అలా ఉండిపోయాడని. వినేవాడి మనసు స్థితి మీద కాక, స్థితి మొదలైన క్షణం మీద నిలిస్తే చాలు, అర్థం మారిపోతుంది. డేనిష్ ఆ అడుగు పూర్తిగా వేసింది, పాత అర్థాన్నీ వదులుకోలేదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. ‘బ్లీవెన్’ మొదట్లో ఉన్నది నిజానికి ఉపసర్గ. పాత రూపం ‘బి-లీబన్’. గోథిక్ అనే పాత జర్మానిక్ భాషలో ‘బిలీబన్’ అని ఉంది. కాలక్రమంలో ‘బి’లోని అచ్చు కరిగి ‘బ్ల’ అయింది. ఈ రోజు డేనిష్ మాట్లాడేవాడికి అక్కడ ఒక ఉపసర్గ ఉందన్న స్పృహ ఉండదు. దాన్ని తీసేస్తే మిగిలే ‘లీబ్’ జర్మానిక్ భాషల్లో పెద్ద కుటుంబానికి తల్లి. ఇంగ్లీషు లివ్, లైఫ్, లీవ్ మూడూ ఆ ఇంటివే. డేనిష్‌లో ప్రాణానికి ‘లీవ్’ అంటారు. మిగిలి ఉండడమే బతికి ఉండడం అన్న ఆలోచన ఈ మాటల వెనక ఉంది.

ఆ ‘లీబ్’ వెనక ఉన్న ఇండో-యూరోపియన్ ధాతువుకు అర్థం అంటుకోవడం, పూయడం. గ్రీకులో ‘లిపోస్’ అంటే కొవ్వు. సంస్కృతంలో ‘లిప్’ ధాతువు, ‘లింపతి’ అంటే పూస్తున్నాడు. అక్కడి నుంచి మనం తెచ్చుకున్నవే లేపనం, అనులేపనం, నిర్లిప్తత. దేనికీ అంటనివాడు నిర్లిప్తుడు. అంటుకుని ఉండిపోయేది బ్లీవె.

అలాగే చోటు పోగొట్టుకున్న ‘వోర్దె’కు కూడా సంస్కృతంలో తోబుట్టువు ఉంది. దాని ధాతువు ‘వృత్’, తిరగడం. వర్తించు, ప్రవర్తన, వర్తమానం, ఆవర్తనం, వృత్తం అన్నీ ఆ ధాతువు నుంచి మనకు వచ్చినవే. లాటిన్‌లో ‘వెర్తెరె’. మనం రోజూ అనే వెర్షన్, యూనివర్సిటీ మాటల్లో ఉన్నది అదే. తిరగడం నుంచి ‘ఒక రూపానికి తిరగడం’, అక్కడి నుంచి ‘అవడం’. ఉత్తరాది పురాణాల్లో విధిని నేసే ముగ్గురు స్త్రీలలో ఒకామె పేరు ‘ఉర్ద్’, ఇంగ్లీషు ‘వియర్డ్’ మొదట విధి అన్న అర్థంలోనే ఉండేది. ఇవి కూడా ఈ ధాతువు పిల్లలే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంతమాత్రాన తెలుగుకూ డేనిష్‌కూ చుట్టరికం ఉందని కాదు. లేపనం, వర్తనం మనకు సంస్కృతం నుంచి వచ్చిన అతిథులు. చుట్టరికం ఆ అతిథులది. తెలుగు సంస్కృతజన్యం కాదని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే కేంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో చూపించాడు. ఇంకో జాగ్రత్త పోలికల గురించి. ‘లిప్తపాటు’ అంటాం. దీన్ని కూడా ‘లిప్’ ధాతువుకు ముడిపెట్టాలని మనసు లాగుతుంది. ఆ లిప్త గ్రీకు ఖగోళశాస్త్రం నుంచి సంస్కృతంలోకి వచ్చిన కొలమానం, గ్రీకులో ‘లెప్తోన్’, సన్నని భాగం. ‘లిపి’ని కూడా పూయడానికి ముడిపెట్టేవాళ్లు ఉన్నారు. వాయవ్య దిశన షాబాజ్‌గఢీలోని అశోకుని శాసనాల్లో అది ‘దిపి’. ఆ ‘దిపి’ పాత పారశీక మాట. రూపం ఒకేలా ఉంటే రక్తం ఒకటే కానక్కరలేదు. రక్తం ఒకటైతే రూపం ఒకేలా ఉండనక్కరలేదు. అటువంటప్పుడు చుట్టరికం ఎలా రుజువు చేస్తాం?

దానికి జవాబు ఇచ్చినవాళ్లలో ఇద్దరు డెన్మార్క్ వాళ్లే కావడం ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మొదటివాడు రాస్మస్ రాస్క్. ఫ్యూన్ దీవి పల్లెలో 1787లో పుట్టాడు. ప్రాచీన నార్స్ భాష పుట్టుక మీద ఆయన పోటీకి రాసిన వ్యాసం 1818లో అచ్చయింది. గ్రీకు లాటిన్‌ల హల్లులకు జర్మానిక్ హల్లులు ఒక క్రమంలో ఎదురుపడతాయని అందులో చూపించాడు. ఇతర భాషల ప అక్కడ ఫ అవుతుంది. సంస్కృతాన్ని పక్కన పెట్టుకుంటే మనకు ఇది వెంటనే తెలుస్తుంది: పితృ అక్కడ ఫాదర్, పాదం అక్కడ ఫుట్. తరువాత యాకోబ్ గ్రిమ్ దీన్ని సూత్రంగా కట్టాడు. రాస్క్ పర్షియా మీదుగా ఇండియాకు, సిలోన్‌కు కూడా వచ్చాడు. పాళీ, సింహళ తాళపత్రాలు కోపెన్‌హేగన్‌కు తీసుకువెళ్లాడు. 1832లో 45వ ఏడు నిండకుండానే పోయాడు.

సూత్రానికి లొంగని మాటలు చాలా మిగిలాయి. పితృ, భ్రాతృ రెండింటిలోనూ త ఒకటే. గోథిక్‌లో మాత్రం ఒకదానిలో ద లాంటి ధ్వని, మరొకదానిలో థ లాంటి ధ్వని. ఎందుకు? అర్ధశతాబ్దం పాటు ఎవరికీ అంతుపట్టలేదు. 1846లో ఆర్‌హూస్‌లో పుట్టిన కార్ల్ వెర్నర్ దాన్ని విప్పాడు. మధ్యాహ్నం కునుకు తీద్దామని ఫ్రాంజ్ బోప్ తులనాత్మక వ్యాకరణం చేతిలోకి తీసుకుంటే, అందులో స్వరచిహ్నాలతో ఉన్న పితృ, భ్రాతృ రూపాలు కంటబడ్డాయని ఆయన చెప్పుకున్న మాట. వేదం పలికేటప్పుడు ఒకదానిలో ఉదాత్తం చివరి అక్షరం మీద, రెండోదానిలో మొదటి అక్షరం మీద. స్వరం హల్లుకు ముందున్న అచ్చు మీద ఉంటే థ నిలిచింది, లేకపోతే మెత్తబడి ద అయింది. 1877లో ఆ వ్యాసం అచ్చయింది.

ఆ సూత్రానికి అందమైన రుజువుల్లో మన ‘వోర్దె’ ఒకటి. ప్రాచీన ఇంగ్లీషులో ‘అయ్యాడు’ అనడానికి ‘వేర్థ్’, ‘అయ్యారు’ అనడానికి ‘వుర్దోన్’. ఏకవచనంలో థ, బహువచనంలో ద. ఒకే క్రియలో రెండు హల్లులు ఎందుకో జర్మానిక్ భాషలు చెప్పలేవు. వేదసంస్కృతం చెబుతుంది: ఏకవచనం ‘వవర్త’లో స్వరం ధాతువు మీద, బహువచనం ‘వవృతిమ’లో స్వరం ప్రత్యయం మీద. జర్మానిక్ భాషలు ఆ స్వరాన్ని ఏనాడో పోగొట్టుకున్నాయి, దాని ముద్ర మాత్రం హల్లులో మిగిలింది. ‘లిప్’లోని ప ఫ కావలసింది పోయి ‘లీబ్’లో బ, డేనిష్‌లో వ అవడానికి కూడా ఇదే సూత్రం. పోయిన ధ్వనిని దాని ఫలితాన్ని బట్టి పట్టుకునే ఈ పద్ధతినే కృష్ణమూర్తిగారు మూలద్రావిడంలో హకారం లాంటి ఒక హల్లు ఉండేదని ప్రతిపాదించినప్పుడు వాడారు. తమిళంలోని ఆయ్తం అనే అక్షరాన్ని, హ్రస్వదీర్ఘాల తేడాలను కలిపి చూసి ఆయన అక్కడికి చేరారు.

వెర్నర్ 1876 నుంచి కొన్నేళ్లు హాలే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేశాడు. మొట్టమొదటి తెలుగు అచ్చు పుస్తకాలు 1740ల్లో వెలువడింది ఆ హాలే పట్టణంలోనే. వాటిని తయారుచేసిన బెంజమిన్ షుల్జ్ డెన్మార్క్ రాజు పంపిన తరంగంబాడి మిషన్ మనిషి, తెలుగుకు వ్యాకరణం కూడా రాశాడు.

‘వోర్దె’ పూర్తిగా చచ్చిపోలేదు. డేనిష్‌లో కాబోయే తల్లిని నేటికీ ‘వోర్దెండె మోర్’ అంటారు. చర్చిలో చెప్పే ప్రభు ప్రార్థనలో, దేవుని నామం పవిత్రమగుగాక అన్నచోట పాత పాఠంలో ‘వోర్దె’ ఉంది. 1992 బైబిల్ అనువాదంలో అదే చోట ‘బ్లీవె’ వచ్చింది. హెర్రింగ్ సంతల రోజుల్లో మొదలైన మార్పు ప్రార్థన దాకా రావడానికి ఆరు వందల ఏళ్లు పట్టిందన్నమాట. ఈ అరువు వల్ల డేనిష్ చిన్నబోయిందని నేను అనుకోను. ఆ భాషలో గొప్ప రచనలన్నీ ‘బ్లీవె’ స్థిరపడ్డాకే వచ్చాయి. అరువును తప్పుపట్టేవాళ్లు తెలుగులోనూ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. ఏ మాట ఎప్పుడు, ఎవరి వెంట, ఏ పని మీద వచ్చిందో తెలుసుకోకుండా దాన్ని వెళ్లగొట్టాలనడం చరిత్రను చదవకుండా చింపేయడమే.

డేనిష్‌వాళ్లకు ఇదంతా తెలియడానికి కారణం, వాళ్ల మాటలకు జాతకాలు రాసి ఉన్నాయి. 1918 నుంచి 1956 దాకా 28 సంపుటాలుగా వచ్చిన డేనిష్ భాషా నిఘంటువులో ప్రతి మాటకూ వాడుకల ఉదాహరణలు ఉన్నాయి. పాత డేనిష్‌కు వేరే నిఘంటువు కడుతున్నారు. మనకు సూర్యరాయాంధ్ర నిఘంటువు ఉంది, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తెచ్చిన తెలుగు వ్యుత్పత్తి కోశం ఉంది, బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఉంది. రైతుల నోట మాటలు ఏరి కృష్ణమూర్తిగారు 1962లో తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం ఉంది. వీటన్నిటి పునాది మీద ఇంకో పని చేయాలి. క్రీస్తుశకం 575 నాటి కలమళ్ల శాసనం నుంచి నేటి వార్తాపత్రిక దాకా, ఒక్కో తెలుగు క్రియ ఏ తేదీన ఏ రూపంలో ఏ అర్థంలో కనిపించిందో ఉదాహరణతో చూపే చారిత్రక కోశం కావాలి. మొత్తం భాషకు ఒక్కసారిగా సాధ్యం కాకపోవచ్చు. క్రియలతో మొదలుపెట్టండి. శాసనాలు అచ్చులో ఉన్నాయి, కావ్యాలు ఉన్నాయి, మాండలికాలు ఇంకా మన ఊళ్లలో పలుకుతున్నాయి. ఈ సభలో ఉన్న పరిశోధక విద్యార్థులు తలా ఒక ధాతువు తీసుకోవాలని నా విన్నపం. ‘అవు’ ఎవరు తీసుకుంటారో ఈ సభ ముగిసేలోగా నాకు చెప్పండి.